షూ రాక్ మీద సర్వరు

మారతహళ్లిలో మా అద్దె ఇంటి తలుపు పక్కన, షూ రాక్ పైన, ఒక పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ మూతవేసి ఉంటుంది. అదే మా ఇంటి సర్వరు. మా కుటుంబం పంపుకునే మెసేజ్‌లు, ఫోటోలు, వాయిస్‌లు అన్నీ దాని గుండానే పోతాయి. ఇట్లాంటిది పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. యూట్యూబ్‌లో వీడియో చూస్తే ఒక సాయంత్రం పనే అనిపిస్తుంది. నిజమే, మెషీన్ వరకు అయితే ఒక సాయంత్రమే. మనుషుల వైపు పని మాత్రం నాకింకా నడుస్తూనే ఉంది. దాన్ని గురించి ఎవరూ రాయగా చూడలేదు, అందుకే ఇది.

నా ఉద్యోగం దీనికి పూర్తిగా ఉల్టా. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో క్లౌడ్ ఆపరేషన్స్. ఎవరి డేటా వాళ్ల దగ్గరున్న కంపెనీల నుంచి ఆ డేటా అంతా తీసుకెళ్లి పెద్ద అమెరికా కంపెనీల డేటా సెంటర్లలో పెట్టడమే మా పని. దానికి జీతమిస్తారు. రాత్రి ఇంటికొచ్చి మా అమ్మ ఫోటోల్ని అక్కణ్ణించి బయటికి లాగుతా. దీనికి ఎవరూ ఏమీ ఇవ్వరు, పైగా మా అక్క తిడుతుంది.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే 2015లో. నేనప్పుడు మదనపల్లెలో ఇంజనీరింగ్ చదువుతున్నా. నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్లో అన్ని సైట్లనీ ఒకేలా చూడాలనే గొడవ జోరుగా ఉన్న రోజులు. ఆ ఏప్రిల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి దేశం నలుమూలల నుంచి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పోయాయి, మా హాస్టల్ నుంచి పోయినవీ అందులో ఉన్నాయి. ఫేస్‌బుక్ వాళ్లు కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్‌ని నెత్తికెత్తుకుని పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు గుప్పించారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో సైటుకి ఒక్కో రేటు కుదరదని తేల్చేసింది. గెలిచామని వాట్సాప్‌లో పండగ చేసుకున్నాం. వాట్సాప్‌ని ఫేస్‌బుక్ కొని అప్పటికే రెండేళ్లయింది.

తర్వాత బెంగళూరు వచ్చాక, కోడ్ ఎవరైనా చూసి మార్చుకునే వీలుండాలనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఆదివారం సమావేశాలకి పోవడం మొదలుపెట్టా. ఈ ఊళ్లో అట్లాంటివి ఎప్పుడూ ఏదో ఒక మూల జరుగుతూనే ఉంటాయి. కాలేజీ పిల్లలు ఎక్కువ, మధ్యలో ఒకరిద్దరు నెరిసిన గడ్డాల వాళ్లు. అట్లా ఒక ఆదివారం విన్న పాత అమెరికా కథ ఒకటి నన్ను చాలాకాలం వదల్లేదు.

1964లో బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు మాట్లాడే హక్కు కోసం ఉద్యమం చేశారు. యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ అంతా అప్పట్లో ఐబీఎం పంచ్ కార్డుల మీద నడిచేది. ఆ కార్డుల మీద మడవొద్దు, చింపొద్దు అని హెచ్చరిక రాసుండేది. పిల్లలు ఆ మాటనే తమకు తగిలించుకున్నారు: మేమూ విద్యార్థులం, దయచేసి మమ్మల్ని మడవకండి, చింపకండి అని. కంప్యూటరంటే వాళ్లకి మనిషిని కార్డు ముక్కగా మార్చే సర్కారు యంత్రం. ఆ ఉద్యమంలో ఉన్న లీ ఫెల్సెన్‌స్టీన్ అనే కుర్రాడే, తొమ్మిదేళ్లు తిరిగేసరికి, అదే ఊళ్లో ఒక పాటల రికార్డుల దుకాణం మెట్ల దగ్గర టెలిటైప్ మిషన్ పెట్టిన బృందంలో ఉన్నాడు. 1973 అది. దాని పేరు కమ్యూనిటీ మెమరీ. ఫోన్ లైను మీద శాన్‌ఫ్రాన్సిస్కోలోని పెద్ద కంప్యూటరుకి కలిపారు. చప్పుడు ఎక్కువని మిషన్‌కి అట్టపెట్టె తొడిగి, చేతులు దూర్చడానికి రెండు కంతలు పెట్టారు. దారిన పోయేవాడు ఎవడైనా వచ్చి రాసుకోవచ్చు. ఏం రాశారంటే, బ్యాండులోకి గిటార్ వాయించేవాడు కావాలి, ఈ ఊళ్లో మంచి బేగెల్ రొట్టె ఎక్కడ దొరుకుతుంది, ఇవే. మన వాళ్లు మారతహళ్లిలో దిగిన మొదటి వారం ఆంధ్రా మెస్ కోసం వెతుక్కున్నట్టే.

అదే మనుషులు. తొమ్మిదేళ్లలో యంత్రం మారలేదు, అది ఎవరి ఇంట్లో ఉందనేది మారింది. 1975లో అదే ప్రాంతంలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది, ఈ ఫెల్సెన్‌స్టీనే ఆ సమావేశాలు నడిపేవాడు, ఆపిల్ మొదటి కంప్యూటరు జనానికి చూపించింది కూడా అక్కడే. ఆపిల్ తర్వాత ఏమైందో మనకు తెలుసు. ఇంకోవైపు, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 1980 నుంచి ఒక రహస్య గుంపు కంప్యూటర్ కంపెనీల ఆఫీసుల్లోకి చొరబడి మిషన్లు తగలబెట్టింది. మేం కూడా కంప్యూటర్ రంగంలో పనిచేసేవాళ్లమే అని ఆ గుంపు చెప్పుకుంది. సొంత పనిముట్టునే తగలబెట్టేంత కోపం ఎట్లా వస్తుందో, సోమవారం పొద్దున ఆరింటికి సర్వర్ అలర్టులతో లేచే నాకు కొంచెం అర్థమవుతుంది.

ఈ కథ విన్న రాత్రి మామ గుర్తొచ్చాడు. అమ్మకు అన్న. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. 1980ల్లో కంప్యూటర్లకి వ్యతిరేకంగా యూనియన్ తరఫున ధర్నాలు చేసినవాడు. దేశంలో ఆ వ్యతిరేకత అంతకంటే పాతది, కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు 1960ల్లోనే కంప్యూటర్ని అడ్డుకున్నారు. అట్లాంటి మామ ఇప్పుడు మా కుటుంబం గ్రూపులో పొద్దున్నే దేవుడి బొమ్మ, మధ్యాహ్నం పెన్షన్ వార్త, రాత్రి ఎవరో డాక్టరు పేరుతో తిరిగే మెంతుల వైద్యం. రోజూ తప్పదు.

సరే, పనిలోకి వస్తా.

మెసేజ్‌ల కోసం ఎక్స్ఎంపీపీ ఎంచుకున్నా. 1999లో జాబర్ అనే పేరుతో మొదలైన పాత పద్ధతి. ఈమెయిల్‌లాగా ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లోని మనిషి ఇంకో సర్వర్‌లోని మనిషితో మాట్లాడొచ్చు. గూగుల్ టాక్ మొదట్లో దీనిమీదే నడిచింది, బయటి సర్వర్లతోనూ మాట్లాడింది. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి బయటి తలుపు మూసేసింది. వాట్సాప్ కూడా మొదట్లో ఇదే తరహా సర్వర్ సాఫ్ట్‌వేర్ తీసుకుని తనకు కావాల్సినట్టు మార్చుకుంది, బయటివాళ్లకి తలుపు మాత్రం పెట్టలేదు. సిగ్నల్ అనే మెసేజ్ యాప్ ఎందుకు వద్దనుకున్నావని సమావేశంలో ఒకాయన అడిగాడు. సిగ్నల్ మంచిదే. కానీ దాని సర్వరు మా షూ రాక్ మీదికి రాదు.

ల్యాప్‌టాప్ కోసం, పాత కంప్యూటర్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు పోయా. కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగి నడక. సందుల్లో పైనుంచి కిందిదాకా కేబుళ్లు వేలాడుతుంటాయి, ఒక కొట్టువాడు హిందీ, పక్కవాడు కన్నడ, వాడి దగ్గర రిపేర్లు చేసే కుర్రాడు తెలుగు. మాది అనంతపురం అన్నా అన్నాడు. ఏదో ఆఫీసు వదిలేసిన థింక్‌ప్యాడ్, పాత ఐ5, 8 జీబీ ర్యామ్. "గేమ్స్ ఆడవు గదన్నా?" అని రెండుసార్లు అడిగాడు. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందని నేను పట్టిపట్టి అడుగుతుంటే వాడికి అనుమానం వచ్చింది. సర్వరుకి పాత ల్యాప్‌టాప్ ఎందుకు మంచిదంటే బ్యాటరీ దాంట్లోనే ఉంటుంది, కరెంటు పోయినా ఆగదు. రౌటర్‌కి మాత్రం వేరే చిన్న యూపీఎస్ కొనాలి. అది మర్చిపోతే సర్వరు బతికుంటుంది, దాన్ని పలకరించే దారి ఉండదు.

డెబియన్ 12 అనే లినక్స్ ఎక్కించా. మూత వేస్తే నిద్రపోకుండా ఒక సెట్టింగ్ మార్చాలి, బ్యాటరీ 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపేటట్టు ఇంకొకటి. ఎప్పుడూ వంద దగ్గర ఉంచితే బ్యాటరీ ఉబ్బొచ్చు. డిస్కు మొత్తం తాళం వేశా, అంటే మిషన్ ఆగి మళ్లీ లేస్తే పాస్‌వర్డ్ కొట్టందే తెరుచుకోదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మామ వస్తాడు. మెసేజ్‌లు నడిపే ప్రోసడీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ చాలా తేలిక, అది పనిచేస్తోందని ఫ్యాన్‌కి కూడా తెలియదు. ఫోటోలు దాచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్. సర్వరు అసలైనదేనని చూపించే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, గడువు తీరకముందే దానంతటదే కొత్తదవుతుంది. ఇదంతా ఒక సాయంత్రం.

అసలు గోడ ఇంటర్నెట్ దగ్గర. మీరు ఇట్లాంటిది చేయాలనుకుంటే మిషన్ కొనకముందే ఒక పరీక్ష చేయండి. రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ (WAN) అని ఉన్నచోట అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీకు ఇంటర్నెట్‌లో సొంత ఇంటి నంబరు లేదని అర్థం. ఐపీవీ4 అనే పాత పద్ధతి ఇంటర్నెట్ నంబర్లు మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి 2011లోనే అడుగంటాయి. అందుకని కంపెనీలు ఒక్క నంబరు వెనక ఎన్నో ఇళ్లను దాచేస్తాయి. మీరు లోపలి నుంచి బయటికి పోవచ్చు, బయటివాళ్లు మీ తలుపు కొట్టలేరు. వీడియోలు చూడ్డానికి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఎవరూ గమనించరు. నెట్‌వర్కు మనల్ని ఏమనుకుంటోందో ఈ ఒక్క నంబరు చూస్తే తెలుస్తుంది: తీసుకునేవాడివే, ఇచ్చేవాడివి కాదు.

మా ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే సొంత నంబరు బిజినెస్ ప్లాన్‌లోనే ఇస్తామన్నారు. "సార్, ఇంట్లో సర్వర్ ఎందుకు సార్?" అని ఆ అమ్మాయి నిజంగానే అడిగింది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతి నంబరు ఇచ్చారు గానీ వాళ్ల రౌటర్ బయటినుంచి ఎవర్నీ రానివ్వదు, ఆ సెట్టింగ్ వాళ్ల చేతిలోనే ఉంది. చివరికి అందరూ చేసేదే చేశా. బయట ఒక చిన్న అద్దె సర్వర్ తీసుకుని, దానికీ షూ రాక్‌కీ మధ్య వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసిన సొరంగం వేశా. మెసేజ్ ముందు అద్దె మిషన్ తలుపు కొడుతుంది, అది సొరంగంలోంచి మా ఇంటికి తోస్తుంది. అయితే మన దేశంలో అద్దె సర్వర్ ఇచ్చేవాళ్లు కస్టమర్ ఎవరో, ఎందుకు తీసుకున్నాడో ఐదేళ్లు దాచిపెట్టాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లో ఆదేశాలిచ్చింది. అంటే కంపెనీల చూపు తప్పించుకుందామని నేను చేసిన పనికి మొదటి మెట్టు పాన్ కార్డు అప్‌లోడ్. నవ్వొచ్చింది, అప్‌లోడ్ చేశా.

ఇక మనుషులు.

అమ్మ మదనపల్లెలో ఉంటుంది. ఆమె ఫోన్లో యాప్ పెట్టాలి. ఆండ్రాయిడ్‌లో కాన్వర్సేషన్స్ అనే యాప్ ఉంది, ప్లే స్టోర్‌లో డబ్బు పెట్టాలి, ఎఫ్-డ్రాయిడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ యాప్‌ల కొట్టులో ఉచితం. గూగుల్ గుమ్మం తొక్కకుండా పెట్టాలని నా పట్టుదల. ఊరికి పోయినప్పుడు అమ్మ ఫోన్ తీసుకుని ఎఫ్-డ్రాయిడ్ ఏపీకే, అంటే యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైల్, దించా. ఫోన్ ఎర్రగా హెచ్చరిక చూపించింది, ఈ ఫైల్ మీ ఫోనుకి హాని చేయొచ్చు అని. అమ్మ నా భుజం మీదుగా చూస్తానే ఉంది.

"ఏందిరా అది?"

"ఏం కాదుమా, అట్లాగే చూపిస్తాది. ఓకే కొడితే చాలు."

"ఏపీకే అని ఉంది గదరా దాంట్లో." చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏపీకే అని వస్తే నొక్కొద్దని బ్యాంకోళ్లు మెసేజ్ పెట్టినారు. మొన్న ఎదురింటామెకి పెండ్లి పత్రిక అని వచ్చింది వాట్సాప్‌లో. నొక్కింది. అకౌంట్లో ఉండే దుడ్లు అన్నీ పాయె. నువ్వూ నొక్కమంటావు, వాడూ నొక్కమన్నాడు. నాకు తేడా ఎట్లా తెలియాల?"

నా దగ్గర జవాబు లేదు. స్వేచ్ఛ అని మేం ఆదివారాలు మాట్లాడుకునే పనికీ, దొంగ చేయమనే పనికీ అమ్మ స్క్రీన్ మీద ఒకే బటన్. పెళ్లి శుభలేఖ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో, సర్కారు పథకం పేరుతో వచ్చే ఈ ఏపీకే మోసాలు తెలుగు ఊళ్లలో ఎంతమందిని ముంచాయో తెలిసినవాడెవడూ అమ్మతో వాదించడు. ఆమె అనుమానం సరైన అనుమానం, దాన్ని నా చేతులతో నేను చెడగొట్టదల్చుకోలేదు. ప్లే స్టోర్‌లో డబ్బు కట్టి కొన్నా. బావది ఐఫోన్. అక్కడ మెసేజ్ వచ్చిందని ఫోన్ మోగాలంటే ఆపిల్ సర్వరు చెప్పాలి, ఇంకో దారి లేదు. మా మెసేజ్‌లు మా ఇంట్లోనే ఉంటాయి, గంట మాత్రం కాలిఫోర్నియా వాడు కొడతాడు.

అమ్మ ఫోన్లో ఇంకో తంటా. ఆ ఫోన్ కంపెనీ బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని చంపేస్తుంది, వాట్సాప్‌ని మాత్రం ముట్టుకోదు. బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి, ఆటోస్టార్ట్ పెట్టాలి, ఈ మధ్య వాడిన యాప్‌ల జాబితాలో దానికి తాళం వేయాలి. ఒక్కో ఫోన్లో ఒక్కో మూల దాచుంటాయి ఇవి. ఈ పని ఏ గైడ్‌లోనూ రాసుండదు, అన్నింటికంటే ఎక్కువ టైం తినేది ఇదే.

కేఆర్ పురంలో అక్క. ఆమెకి యాప్ పెట్టడం సులభమే, ఒప్పించడమే కష్టం. వంటింట్లో చిత్రాన్నానికి పోపు వేస్తూ అడిగింది.

"ఇప్పుడు నా మెసేజ్‌లు నీకు కనబడతాయా?"

కనబడవని చెప్పా. ఓమెమో అనే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, ఫోన్లో తాళం పడుతుంది, అవతలి ఫోన్లో తెరుచుకుంటుంది, మధ్యలో సర్వరుకి చెత్త అక్షరాలే కనబడతాయి అని వివరించా.

"సరే. నేను రాత్రి ఒంటిగంటకి ఆన్‌లైన్లో ఉంటే?"

"...అది లాగ్‌లో ఉంటుంది. సర్వరు రాసుకునే చిట్టాలో."

"ఎవరితో మాట్లాడినానో?"

"మాటలు కనబడవు. ఎవరితో అనేది కావాలంటే చూడొచ్చు."

స్టవ్ ఆపి నావైపు తిరిగింది. "ఆ అమెరికావాడు చూస్తే చూసుకోనీరా. వాడు అమ్మకి చెప్పడు. నువ్వు చెప్తావు."

ఇంతకాలం ఎన్ని సమావేశాల్లో కూర్చున్నా ఈ మాట ఎవరూ అనలేదు. పెద్ద కంపెనీ మనల్ని చూసి ప్రకటనలు అమ్ముకుంటుంది. తమ్ముడు చూస్తే ఇంట్లో మనశ్శాంతి పోతుంది. తనకి తెలియనివాడి కన్ను కంటే తెలిసినవాడి కన్నుకే ఆడవాళ్లు ఎక్కువ భయపడాల్సి వస్తుంది మన ఇళ్లల్లో. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఒక మనిషి సొంత, ఇంటి అవసరాలకు చేసే పనులకు వర్తించదు. అంటే కంపెనీ మీద ఫిర్యాదు చేయడానికి అక్కకి ఒక చట్టమైనా ఉంది, నా మీద అదీ లేదు.

స్టీవర్ట్ బ్రాండ్, ల్యారీ బ్రిలియంట్ కలిసి 1985లో కాలిఫోర్నియాలో ద వెల్ అని ఒక ఆన్‌లైన్ సంఘం పెట్టారు. ఈ బ్రిలియంట్ అంతకుముందు మన దేశంలోనే మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టరు. హిప్పీ కమ్యూన్‌లలో బతికొచ్చిన వాళ్లు కొందరు ఆ వెల్‌ని నడిపారు. నీ మాటలు నీ సొంతం అనేది అక్కడి నియమం. మాటలు సరే. ఎన్నింటికి మేలుకుని ఉన్నానో, ఎవరితో మాట్లాడానో, అది ఎవరి సొంతం? ఆ ప్రశ్న అడగడానికి అక్క కావాల్సొచ్చింది.

ఆ రాత్రే లాగుల్లో తప్పులు తప్ప ఇంకేమీ రాయకుండా సెట్టింగ్ మార్చా. పాత మెసేజ్‌లు సర్వర్లో వారం మించి ఉండవు. కావాలంటే మళ్లీ ఎప్పుడైనా మార్చగలను కదా అని అక్క అంది. మార్చగలను. అందుకే ఆమె కొన్నాళ్లు యాప్‌లో మేనకోడలి ఫోటోలు తప్ప ఏమీ పెట్టలేదు.

మే నెల వానకి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. రౌటర్ యూపీఎస్ ముందు పోయింది, ల్యాపీ ఇంకొంచెం సేపు ఒంటరిగా వెలిగి అదీ పోయింది. నేను ఆఫీసులో. ఇంటి సర్వర్ చచ్చిందని నాకు ఎట్లా తెలిసిందంటే, వాట్సాప్‌లో పాత కుటుంబం గ్రూపు మళ్లీ లేచింది. మామ మొదటి మెసేజ్: "సర్వర్ డౌన్ అంటే మా బ్యాంకులో కౌంటర్లో ఉండేవాణ్ణి తిట్టేవాళ్లు. ఇప్పుడు నీ వంతు అల్లుడూ." కరెంటు తెల్లవారుజామున వచ్చింది. నేను పాస్‌వర్డ్ కొట్టగానే ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారి అమ్మ ఫోన్ మీద పడ్డాయి. ఎవరికేమైందోనని అమ్మ ఉలిక్కిపడి లేచిందట.

దసరాకి మామ బెంగళూరు వచ్చాడు. చెప్పులు విడుస్తూ షూ రాక్ దగ్గరే ఆగిపోయాడు. కాఫీ కూడా తర్వాత అన్నాడు. బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టే అడగడం మొదలుపెట్టాడు.

"దీని తాళం ఎవరి దగ్గర ఉంది?"

డిస్కు పాస్‌వర్డ్ సంగతి చెప్పా. నా ఒక్కడికే తెలుసు.

"నీకు ఏమన్నా అయితే?"

"ఏమవుతుంది మామా..."

"స్ట్రాంగ్ రూమ్ తాళం ఎప్పుడూ ఒక్కడి దగ్గర ఉండదప్పా. ఇద్దరి దగ్గర ఉంటాది. జాయింట్ కస్టడీ. డూప్లికేట్ తాళాలు సీలు వేసి ఇంకో బ్రాంచిలో పెడతాం. అన్ని కోట్ల లెక్క చూసినోడు మేనేజరే అయినా సరే, వాణ్ణి ఒక్కణ్ణే నమ్మరు. వాడు దొంగని కాదు. ఒక్కణ్ణే నమ్మితే వాడికీ మంచిది కాదు."

భోజనాల తర్వాత నేను బర్క్‌లీ కథ చెప్పా. మామ శ్రద్ధగా విన్నాడు. మీరూ మిషన్లు వద్దన్నారు కదా అన్నా. వద్దనలేదు అన్నాడు. ధర్నాలో అరిచింది అదే, కూర్చుని రాయించుకుంది వేరే. 1983లో యూనియన్లకీ బ్యాంకు యాజమాన్యాలకీ ఒప్పందం కుదిరింది. తర్వాత ఏఎల్‌పీఎంలు, అంటే లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు వచ్చాయి. "మిషన్ వస్తాదని మాకు తెలియదా? ఎన్ని వస్తాయి, యాడ పెడతారు, ఎవురు నడపాల, నడిపేటోడికి అలవెన్స్ ఎంత. ఇవి రాయించుకున్నాం. నువ్వు ఏం రాసిచ్చినావు మీ అక్కకి?"

ఏమీ రాసివ్వలేదు.

పాత డైరీలోంచి కాగితం చింపి తనే రాశాడు. బ్యాంకు తెలుగు, సగం ఇంగ్లీషు. ఎవరి రాకపోకలూ లాగులో రాయరాదు, మార్చాలంటే ముందుగా అందరికీ చెప్పాలి. ఎవరైనా ఎప్పుడైనా తమ ఫోటోలు తీసుకుని వెళ్లిపోవచ్చు, అడ్మిన్ అడ్డం చెప్పకూడదు. అడ్మిన్ ఆన్‌సైట్, అంటే కంపెనీ పని మీద విదేశానికి, పోతే మూడు నెలల ముందు నోటీసు. అద్దె సర్వరు, డొమైన్ ఖర్చు నేనొక్కణ్ణే పెట్టుకుంటున్నానని తెలిసి దానికే ఎక్కువ అభ్యంతరం చెప్పాడు. "నువ్వొక్కడే కడితే నువ్వే ఓనరువి. మేమంతా నీ దయ మీద ఉన్నట్టు." ఇప్పుడు ఇంటికి నెలకు 50 రూపాయలు. ఫోన్‌పేలో వేస్తారు. దాన్ని గురించి ఆదివారం మిత్రులకి చెప్పలేదు.

డిస్కు తాళానికి ఒకటి కంటే ఎక్కువ పాస్‌వర్డులు పెట్టుకునే వీలుంది. రెండోది కొత్తగా పెట్టి, కాగితం మీద రాసి, కవరులో వేసి, మామ చెప్పినట్టు కవరు అంటించిన చోట ముగ్గురం సంతకాలు చేశాం. కేఆర్ పురంలో అక్క బీరువాలో ఉంది. మామ లెక్కలో అది ఇంకో బ్రాంచి. ఒప్పందం మీద అక్క రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టింది, పెట్టేముందు ఒక లైను తను చేర్చింది: లాగ్ సెట్టింగ్ ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి. చూపించడానికి ఆమెకి అర్థం కావాలి కదా. అందుకని తొమ్మిదో తరగతి చదివే మేనకోడలికి ఆ ఒక్క ఫైలు తెరిచి చదవడం నేర్పా. నెలకోసారి అది వచ్చి కమాండ్ కొట్టి, వాళ్లమ్మకి ఫోటో తీసి పంపుతుంది. మొదటిసారే స్పెల్లింగ్ తప్పు కొట్టి, ఎర్రర్ వస్తే నావైపు అనుమానంగా చూసింది.

అందరూ రాలేదు. చిన్నాన్న వాళ్లు మాకెందుకీ గోల అని వాట్సాప్‌లోనే ఉండిపోయారు. అక్క ఫోన్ మార్చినప్పుడు ఎన్‌క్రిప్షన్ వల్ల పాత మెసేజ్‌లు కొత్త ఫోన్లో తెరుచుకోలేదు, ఆ కోపం కొన్నాళ్లుంది. వాళ్లయితే బ్యాకప్ ఇచ్చేవాళ్లు అంది. ఇచ్చేవాళ్లే.

మామ మాత్రం ఊరికే ఉండడంలేదు. మదనపల్లెలో తమ పెన్షనర్ల సంఘం గ్రూపుని కూడా ఇట్లా పెట్టమంటాడు, రెండొందల మంది ఉన్నారట. మా షూ రాక్ మీద వద్దన్నా. అంతమంది లెక్క నా ఇంట్లో ఎందుకు, ఒక్కణ్ణే నమ్మకూడదని నువ్వే అన్నావు కదా అంటే ఒప్పుకున్నాడు. సంఘం ఆఫీసులోనే వేరే మిషన్ పెడతారట, తాళాలు కార్యదర్శి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి. మిషన్ కొనకముందు అక్కడి రౌటర్ పేజీ ఫోటో తీసి పంపమన్నా. నిన్న పంపాడు. వ్యాన్ అడ్రసు 100.72తో మొదలైంది. అయితే అద్దె సర్వరు ఖర్చు వచ్చే మీటింగులో తీర్మానం పెట్టించాల, ఎంతవుతాదో కొటేషన్ పంపు అన్నాడు.